హైదరాబాద్‌లో నాటకం చూడాలి: అమ్మకి, పాపకి ఇద్దరికీ నచ్చేది చెప్పండి

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మ తెనాలి నుంచి మా దగ్గరికి వస్తోంది. మూడు వారాలు ఉంటుంది. వయసు 72. చిన్నప్పుడు తాతయ్య పక్కన చాప మీద కూర్చుని తెల్లవార్లూ పద్య నాటకాలు చూసిన మనిషి. ఇప్పటికీ కూర తరుగుతూ హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను పద్యాలు పాడుకుంటుంది. మా పాపకి తొమ్మిదేళ్లు. స్కూల్ యానివర్సరీలో వేసేవి తప్ప ఇంతవరకు నాటకమన్నది చూడలేదు.

ఈసారి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒక మంచి నాటకం చూపించాలని నా కోరిక. తెలుగులో ఉండాలి, పాటో పద్యమో ఉంటే ఇంకా మంచిది. మేముండేది మియాపూర్. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. శని, ఆదివారాలైతే కుదురుతుంది. అసలు ఈ ఊళ్లో ఇప్పుడు నాటకాలు ఆడుతున్నారా? ఆడితే ఎక్కడ, ఎలా తెలుసుకోవాలి?

మెట్రోవాసి | సోమవారం, రాత్రి 10:05

ఆడుతున్నారండీ. మనకి కనపడనిది కబురు మాత్రమే. సినిమాకైతే ఊరంతా పోస్టర్లుంటాయి. నాటకానికి హాలు గేటు దగ్గర ఒక ఫ్లెక్సీ, పేపర్ సిటీ పేజీలో ‘నేడు నగరంలో’ అని చిన్న అక్షరాల్లో రెండు లైన్లు, అంతే. నేను పదేళ్లుగా పొద్దున్నే కాఫీ తాగుతూ ముందు ఆ రెండు లైన్లే చూస్తాను. ఇప్పుడు టికెట్ యాప్‌లలో కూడా నాటకాలకి విడిగా ఒక విభాగం ఉంటోంది. కానీ ఉచిత ప్రదర్శనలు అందులో కనపడవు, వాటికి పేపరే దిక్కు.

మీకు అన్నిటికంటే అనువైనది రవీంద్రభారతి. 1961లో టాగూర్ శతజయంతికి కట్టిన హాలు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే మెట్రో ఎక్కితే మధ్యలో రైలు మారే పని లేదు. లక్డీకాపూల్‌లో దిగినా, అసెంబ్లీ స్టేషన్‌లో దిగినా దగ్గరే. స్టేషన్‌లో లిఫ్ట్ ఉంటుంది కాబట్టి అమ్మగారికి ఇబ్బంది ఉండదు. బాల్కనీకి వెళ్లొద్దు, కింద కూర్చోండి.

ఒక్క విషయం ముందే చెప్తాను. ఉచిత కార్యక్రమం అయితే కార్డు మీద సాయంత్రం 6 గంటలని వేస్తారు. ముందు సభ ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, అతిథుల మాటలు, శాలువాలు, జ్ఞాపికలు. నాటకం మొదలయ్యేసరికి ఏడుంబావో, ఏడున్నరో అవుతుంది. పాపకి ముందే ఏదైనా తినిపించి తీసుకెళ్లండి.

ఇద్దరు_పిల్లల_తల్లి | సోమవారం, రాత్రి 10:31

మెట్రోవాసి గారు చెప్పింది మాకు అనుభవమే. పోయిన ఏడాది ఒక హాలుకి పిల్లల్ని తీసుకెళ్లాం. గంటన్నర సన్మానాలే జరిగాయి. నాటకం మొదలయ్యేసరికి చిన్నవాడు నిద్రపోయాడు. పైగా మైకు సరిగ్గా లేక ఒక పక్క నిలబడ్డ నటుడి మాట అసలు వినపడలేదు. పాపం, వాళ్లు ప్రాణం పెట్టి వేశారు. నాకు ఏడుపొచ్చింది. కళాకారులు అంత దూరం నుంచి వచ్చి, రాత్రి తొమ్మిదికి ఖాళీ అవుతున్న కుర్చీల ముందు ఆడటం న్యాయం కాదు.

చిక్కడపల్లి_చిన్నోడు | మంగళవారం, ఉదయం 7:15

అందుకే నేను ఎప్పుడూ మొత్తుకుంటాను, నాటకానికి టికెట్ పెట్టాలి అని. ఉచితం అనేసరికి నాటకం కార్యక్రమంలో ఒక అంశం అయిపోతుంది, సభ పెద్దదైపోతుంది. టికెట్ పెట్టిన చోట చూడండి, చెప్పిన టైముకి తెర లేస్తుంది. యాభై రూపాయలైనా సరే, డబ్బు ఇచ్చి వచ్చినవాడు ఫోన్ సైలెంట్‌లో పెడతాడు.

ఇక చూడాల్సినవాటి సంగతి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ఈ రెండూ గమనిస్తూ ఉండండి. ఇక్కడ ఎక్కువగా సాంఘిక నాటికలు పడతాయి. నాటిక అంటే గంట లోపు అయిపోయేది. నాటక పరిషత్తులు పెట్టే పోటీల కోసం తయారై ఊరూరా తిరిగేవి. నాలుగైదు పాత్రలు, ఒక ఇంటి సెట్టు, తండ్రీకొడుకుల మధ్యో అన్నదమ్ముల మధ్యో ఒక చిక్కుముడి. బ్యాంకులో, బస్ డిపోలో, బడిలో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు రిహార్సల్ చేసుకునేవాళ్లు వేస్తారు. నటన చూసి మీరు ఆశ్చర్యపోతారు. 1929లో తెనాలిలో నాటక కళాపరిషత్తు మొదలుపెట్టినప్పటి నుంచి వస్తున్న సంప్రదాయం ఇది. అమ్మగారిది తెనాలే కాబట్టి ఆవిడకి నేను చెప్పక్కర్లేదు.

కానీ తొమ్మిదేళ్ల పాపకి మొదటి నాటకంగా మాత్రం నాటిక వద్దు. పెద్దవాళ్ల గొడవలు ఆ వయసుకి పట్టవు.

గోదారి_గాలి | మంగళవారం, ఉదయం 8:02

చిన్నోడు గారూ, టికెట్ మాట ఒప్పుకోను. మా ఊళ్లో నేను చూసిన నాటకాల్లో ఒక్కదానికీ టికెట్ లేదు. చందాలు వేసుకుని ఆడించుకునేవాళ్లం. కూలికి వెళ్లొచ్చినవాడూ, కరణం గారూ ఒకే నేల మీద కూర్చుని చూశారు. డబ్బు పెట్టలేనివాళ్లకి పద్యం దూరం చేయకండి. సన్మానాలు తగ్గించమని అడుగుదాం, అది వేరే సంగతి.

కృష్ణాతీరం గారూ, అమ్మగారికి పద్య నాటకమే చూపించండి. ఇప్పుడు తెల్లవార్లూ ఆడటం లేదు. రెండు, రెండున్నర గంటలకి కుదించి వేస్తున్నారు. కురుక్షేత్రం వేస్తే రాయబారం, నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు వచ్చే పడక సీను తప్పకుండా ఉంటాయి. హరిశ్చంద్ర వేస్తే కాటిసీను ఒక్కటే విడిగా కూడా వేస్తారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోకి జాషువా గారి శ్మశాన పద్యాలు వచ్చి చేరాయి కదా, అవి లేకుండా ఇవాళ కాటిసీను లేదు. అమ్మగారు పాడుకునేవి బహుశా అవే అయ్యుంటాయి. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్రుడినో, పీసపాటి గారి కృష్ణుడినో ఆవిడ చూసే ఉంటారు, అడగండి.

పాపకి మాత్రం ముందే ఒక మాట చెప్పి ఉంచండి. కృష్ణుడు మధ్యలో మారిపోతాడు! ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని సీనుకి ఒకరు వేయడం మన దగ్గర ఆనవాయితీ. పిల్లలు ‘ఇందాకటి కృష్ణుడు ఏడి?’ అని అడుగుతారు. పెద్దవాళ్లు మాత్రం ఎవరు ఏ రాగం ఎత్తుకుంటారా అని అందుకోసమే చూస్తారు.

ఇంకొకటి. పద్యం చివర రాగం తీస్తున్నప్పుడు నటుడినే చూడకుండా ఒక్కసారి హార్మోనియం వాయించే ఆయన్ని చూడండి. ఆయన కళ్లు నటుడి గొంతు మీద ఉంటాయి. నటుడు పైకి వెళ్తే ఈయన వేళ్లు పైకి వెళ్తాయి. ఊపిరి కోసం ఆగితే, ఆ ఖాళీలో ఈయన శ్రుతి నిలిపి ఉంచుతాడు. నటుడు మళ్లీ అందుకున్నాక మెల్లగా తగ్గుతాడు. వెనకటి రోజుల్లో కాలితో తొక్కే హార్మోనియం స్టేజీకి ఓ పక్కన ఉండేది. జనం ‘ఒన్స్‌మోర్’ అంటే నటుడికంటే ముందు ఆయనే తయారు.

ఉస్మానియా_బిస్కెట్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

తెలుగే కావాలన్నారు కానీ ఈ ఊరి నాటకం అంటే ఒక్క తెలుగే కాదండీ. అమ్మగారు వెళ్లాక అయినా మీరు చూడండి.

బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది. 2010లో మొదలైంది. ఒక పాత ఇల్లు, వెనక పెద్ద బండరాయి, చెట్టు కింద చిన్న స్టేజీ. చేతిలో చాయ్ పట్టుకుని నటుడికి పది అడుగుల దూరంలో కూర్చుంటాం. హిందీ, ఉర్దూ, ఇంగ్లిష్, తెలుగు అన్నీ పడతాయి. గచ్చిబౌలి వైపు రంగభూమి స్పేసెస్‌లోనూ కుర్రవాళ్లు బాగా వేస్తున్నారు. సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ డిపార్ట్‌మెంట్ ఉంది, అక్కడి విద్యార్థుల నాటకాలు నేను రెండు మూడు చూశాను. ఖర్చు లేని సెట్టుతో ఎంత చేయొచ్చో అక్కడే తెలిసింది.

ఇక్కడి నాటక దర్శకుడు ఖాదర్ అలీ బేగ్ పేరిట ఉన్న ఫౌండేషన్ వాళ్లు ఏటా నాటకోత్సవం చేస్తారు. గోల్కొండ, తారామతి బారాదరి లాంటి చోట్ల ఆ కట్టడాల కథలనే ఆడారు. రాతి గోడల మీద లైట్ పడుతుంటే అదొక అనుభవం. ఇక మా దక్కనీ ఉర్దూలో అయితే ‘అదరక్ కే పంజే’ గురించి మా నాన్న ఇప్పటికీ చెప్తాడు. 1965లో మొదలుపెట్టి బబ్బన్ ఖాన్ ఆ నాటకాన్ని ముప్ఫై ఏళ్లకు పైగా ఆడాడు. ఆ మాటలు వింటే పాత బస్తీ ఇల్లు కళ్ల ముందుంటుందట.

తెరవెనక | మంగళవారం, రాత్రి 11:10

రెండు రోజుల నుంచి చదువుతున్నాను, ఇంకా ఎవరూ సురభి పేరు ఎత్తలేదేమిటా అని. తొమ్మిదేళ్ల పాప, 72 ఏళ్ల అమ్మమ్మ, పక్కపక్క కుర్చీలు అన్నారు. ఆ మూడూ కలిస్తే జవాబు సురభి ఒక్కటే.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా కీచకవధ ఆడారు. వనారస గోవిందరావు గారి కుటుంబం. అంతకుముందు వాళ్లది తోలుబొమ్మలాట. ఆ ఊరి పేరే నాటక సమాజం పేరైంది. ఒకప్పుడు ముప్ఫైకి పైగా సమాజాలు ఉండేవి. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి మన శేరిలింగంపల్లిలోనే ఉంటోంది, సురభి కాలనీ అంటే అదే. అంటే మియాపూర్‌కి మీ పక్కనే! ఆ సమాజాన్ని నడిపిన బాబ్జీ గారికి, అంటే రేకందార్ నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన పోయారు. కుటుంబం ఆడుతూనే ఉంది.

ఆ రోజుల్లో మగవాళ్లే ఆడ వేషాలు వేసేవాళ్లు. సురభిలో మాత్రం మొదటి నుంచీ ఇంటి ఆడవాళ్లే స్టేజీ ఎక్కారు. అమ్మ యశోద, కొడుకు చిన్ని కృష్ణుడు, మేనమామ కంసుడు. లైట్లు వేసేదీ, తెర లాగేదీ, తబలా వాయించేదీ అందరూ ఇంటివాళ్లే. నెలల పిల్లలు కూడా ఉయ్యాల సీనులో స్టేజీ మీదకి వచ్చేస్తారు.

నేను మొదటిసారి పబ్లిక్ గార్డెన్స్ లలిత కళాతోరణంలో చూశాను. డిగ్రీ చదువుతున్నాను అప్పుడు. మాయాబజార్. నారదుడు మబ్బు మీద కూర్చుని పై నుంచి దిగాడు. బాణాలు రెండు వైపుల నుంచి వచ్చి మధ్యలో ఢీకొని నిప్పురవ్వలు రాలాయి. ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోట్లోకి వెళ్లాయి. ముందు వరసలో ఒక ముసలాయన లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. ఒక సీనుకి, ఇంకో సీనుకి మధ్య నేను పది లెక్కపెట్టేలోపు అడవి పోయి రాజసభ వచ్చేది. అన్నీ చేత్తో వేసిన రంగు తెరలే. మడతల దగ్గర రంగు పెచ్చులు లేచి ఉంటాయి, దగ్గరికి వెళ్తే కనపడుతుంది.

తర్వాత నాటకాల పిచ్చిలో వాళ్ల తెర వెనక కూడా నిలబడ్డాను. ఆ బాణాలు నడిచేది సన్న తీగల మీద. తీగ బిగువు చూసే ఆయన రాక్షసుడి వేషంలోనే ఉన్నాడు. తన సీను అయిపోగానే కిరీటం తీసి పక్కన పెట్టి, తాడు పట్టుకున్నాడు. చూపు మాత్రం స్టేజీ మీదే ఉంది. పద్యంలో ఫలానా మాట రాగానే లాగాలి, ఆయనకి సైగ చేసేవాళ్లు ఎవరూ లేరు. పద్యమే సైగ.

పాతవే ఆడతారని కొందరు అంటారు. అది కూడా నిజం కాదు. కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ వాళ్లతో కలిసి పనిచేసి ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. కానీ పాపకి మాయాబజారో, పాతాళభైరవో, ప్రహ్లాదుడో చూపించండి.

కృష్ణాతీరం | బుధవారం, ఉదయం 6:50

తెరవెనక గారూ, చదువుతుంటే ఒళ్లు పులకరించింది. శేరిలింగంపల్లి మీదుగా రోజూ ఆఫీసుకి వెళ్తాను, ఆ కాలనీ సంగతే తెలియదు. అమ్మకి ఫోన్లో చెప్తే “సురభి వాళ్లా! మా ఊళ్లో డేరా వేసి నెల రోజులు ఆడారే” అంది.

ఒక సందేహం. ఎక్కడ కూర్చోవాలి? ముందు కూర్చుంటే తీగలూ తాళ్లూ కనపడి పాపకి మజా పోతుందా?

మెట్రోవాసి | బుధవారం, ఉదయం 7:30

మొదటిసారి కదా, ఏడెనిమిది వరసలు వెనకైతే మంచిది. అక్కడికి తీగ కనపడదు, బాణం గాల్లో వచ్చినట్టే ఉంటుంది. ఆ మాయ ఒక్కసారైనా దక్కాలి.

తెరవెనక | బుధవారం, ఉదయం 8:45

నేను ముందే కూర్చోమంటాను. తాడు కనపడ్డా పిల్లలు నారదుడినే చూస్తారు.

థేమ్స్_ఒడ్డున | బుధవారం, సాయంత్రం 4:12

తెరవెనక గారి మాటకి నా వంతు సాక్ష్యం. మేం లండన్‌లో ఉంటున్నాం. ఇక్కడ లీసియం థియేటర్లో ‘ది లయన్ కింగ్’ 1999 నుంచి ఆడుతోంది. ఇన్నేళ్లూ అదే హాలు, అదే షో. మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు తీసుకెళ్లాం. మొదటి పాటకే జంతువులన్నీ ప్రేక్షకుల మధ్య నడవా నుంచి వస్తాయి. జిరాఫీ అంటే కాళ్లకీ చేతులకీ పొడుగు కర్రలు కట్టుకున్న మనిషి. సింహం తల నటుడి ముఖానికి పైన ఉంటుంది, ముఖం కింద కనపడుతూనే ఉంటుంది. దాన్ని తయారుచేసిన దర్శకురాలు జూలీ టేమోర్ మనిషిని దాచలేదు, కావాలనే కనపడనిచ్చింది. మావాడు ఒక్కసారి కూడా కర్రల గురించి అడగలేదు. “అమ్మా, జిరాఫీ నన్ను చూసింది” అన్నాడు.

ఆ రోజు నాకు సురభే గుర్తొచ్చింది. మా నాన్న నన్ను గుంటూరులో చూపించాడు. ఇక్కడ స్టేజీ ముందు గోతిలో ఆర్కెస్ట్రా కూర్చుంటుంది, మన దగ్గర పక్కన హార్మోనియం, తబలా. పాట ఆగితే కథ నడవదు, రెండు చోట్లా అంతే.

టికెట్లు మాత్రం ఇక్కడ చాలా ఖరీదు. లెస్టర్ స్క్వేర్‌లో టీకేటీఎస్ అని ఒక బూత్ ఉంది, అక్కడ కొన్ని షోలకి తగ్గింపు ధరలకి దొరుకుతాయి. లండన్ వచ్చేవాళ్లెవరైనా ఉంటే ముందు అక్కడికి వెళ్లండి. ‘లే మిజరాబ్’ 1985 నుంచి నడుస్తోంది, పెద్దపిల్లలుంటే అది చూడండి. కాస్త బరువైన కథ.

ఉస్మానియా_బిస్కెట్ | బుధవారం, సాయంత్రం 5:03

అలాంటి పెద్ద మ్యూజికల్స్ మన దేశంలో చూడాలంటే ప్రస్తుతం ముంబై వెళ్లాలి. 2023లో నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్ తెరిచాక ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ అక్కడికి వచ్చింది. మన ఊరికీ రావాలని ఉంది.

చిక్కడపల్లి_చిన్నోడు | బుధవారం, రాత్రి 9:25

రావాలి. అంతకంటే ముందు సురభికి ఈ ఊళ్లో రోజూ ఆడుకోవడానికి సొంత హాలు ఉండాలి. తీగలు, తాళ్లు, తెరలు, చక్రాలు ఒకసారి బిగిస్తే అలాగే ఉండాలి. ప్రతి ప్రదర్శనకీ లారీకెత్తి, విప్పి, బిగించి, మళ్లీ విప్పడమంటే మాటలు కాదు. లండన్‌లో ఒకే షో ఒకే హాల్లో పాతికేళ్లు ఉండగలిగిందంటే కారణం అదే. ఉండటానికి చోటు ఉంది.

గోదారి_గాలి | బుధవారం, రాత్రి 9:50

ఈ మాట మాత్రం వందకి వంద ఒప్పుకుంటాను చిన్నోడు గారూ.

ఇద్దరు_పిల్లల_తల్లి | గురువారం, ఉదయం 10:15

కృష్ణాతీరం గారూ, వెళ్లొచ్చాక తప్పకుండా రాయండి. మావాళ్లని మళ్లీ తీసుకెళ్లాలా వద్దా అని మీ మాట కోసం చూస్తుంటాను. ఒక చిన్న సలహా: కథ ముందే చెప్పి తీసుకెళ్లండి. శశిరేఖ ఎవరు, ఘటోత్కచుడు ఎవరి కొడుకు అన్నది తెలిస్తే పద్యం అర్థం కాకపోయినా పిల్లలు తప్పిపోరు.

కృష్ణాతీరం | ఐదు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 11:35

వెళ్లొచ్చాం! ఇప్పుడే ఇంటికి చేరాం. నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నాను.

సురభి మాయాబజార్. టికెట్ ప్రదర్శన. చిన్నోడు గారు చెప్పినట్టే టైముకి తెర లేచింది. నాలుగో వరసలో కూర్చున్నాం. అమ్మ మధ్యలో, పాప ఆ పక్క, నేను ఈ పక్క. కథ నేను చెప్పలేదు. వారం నుంచి రోజూ రాత్రి అమ్మే చెప్పింది.

గంట మోగింది. తెర లేవగానే అమ్మ చీర కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది, గుళ్లో హారతప్పుడు నిలబడతామే, అలా. మొదటి పద్యం ఎత్తుకోగానే పెదాలు కదుపుతోంది. రెండో పద్యానికి గొంతు బయటికి వచ్చేసింది. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశారు. ఏమంటారోనని నాకు టెన్షన్. ఆయన నవ్వి, తనూ అందుకున్నారు.

పాప తీగని చూసింది. “నానమ్మ చూసిందా?” అని అడిగింది. చిన్నప్పటి నుంచి అమ్మని అలాగే పిలుస్తుంది, ఎంత చెప్పినా అమ్మమ్మ అనదు. “చూశాలే, బాణాన్ని చూడు” అంది అమ్మ. బాణాలు ఢీకొని నిప్పురవ్వలు రాలగానే ఇద్దరూ ఒకేసారి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. లడ్డూలు ఎగిరినప్పుడు పాప కుర్చీలో నిలబడింది, నేను లాగి కూర్చోబెట్టాను. మెట్రోవాసి గారూ, క్షమించండి, ముందు కూర్చోవడమే మాకు బాగుంది.

అయిపోయాక పాప కదల్లేదు. తెర వెనక చూస్తానంది. అడిగితే రమ్మన్నారు. లోపల ఘటోత్కచుడు గద పక్కన పెట్టి మంచినీళ్లు తాగుతున్నాడు, ఒళ్లంతా చెమట. ఒక పెద్దావిడ నగలు తీసి పాత గుడ్డలో విడివిడిగా చుడుతోంది. నారదుడిని దించిన తాడు ఉక్కు కప్పీ మీద నుంచి వేలాడుతోంది. ఒక కుర్రాడు పాప చేతికిచ్చి పట్టుకోమన్నాడు. రెండు చేతులతో లాగింది, కదల్లేదు. అతని అరచేతులు చూపించమంది. వేళ్ల మొదట్లో తాడు రాసుకుని కాయలు కాసి ఉన్నాయి. పాప తన వేలితో తాకి చూసింది.

అమ్మ ఆ పెద్దావిడతో మాట్లాడుతూ ఉండిపోయింది. తెనాలిలో డేరా ఎక్కడ వేశారు, ఏ ఏడు, అప్పుడు శశిరేఖ ఎవరు అని. ఆవిడ నవ్వి, “మా అత్తయ్య” అంది.

అమ్మ ఇంకో పది రోజులు ఉంటానంటోంది. వచ్చే శని, ఆదివారాల్లో ఏమైనా ఉందా? పద్య నాటకమైనా సరే, కృష్ణుడు మారతాడని పాపకి చెప్పేశాను.

మెట్రోవాసి | ఆదివారం, రాత్రి 11:58

పొద్దున పేపర్ రాగానే చూసి చెప్తాను.